గొంతులో పుట్టి గుండెకు ప్రాకు జ్వరము

(తుంగతుర్తిలో యవనస్థుల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)

శతవార్షిక సంచికకు ఏదైన వ్రాసి పంపుడని సంపాదకులు కోరినప్పుడు, సంఘ చరిత్ర వ్రాయుదుమా, తొలి సేవకుల త్యాగములను గూర్చి వ్రాయుదుమా అని కొన్నాళ్ళు ఆలోచించినాము. అవి వ్రాయదగిన పెద్దలు మనలో అనేకులు ఉన్నారు. కావున మా యవనస్థుల యెదుట మాటలాడిన ఈ ప్రసంగమునే, అక్కడక్కడ సరిచేసి, పంపుచున్నాము.



ఈ సాయంకాలము మీరు మా నుండి వాక్యోపదేశమును ఎదురు చూచుచుందురు. మేమైతే గొంతు నొప్పిని గూర్చి మాటలాడవలెనని వచ్చినాము. నవ్వకుడి. గొంతు నొప్పి ఎవరికి రాదు? చలికాలములో ఇంటికొకరికి వచ్చును. ఉప్పు నీళ్ళు పుక్కిలించుదుము, మిరియాల పాలు త్రాగుదుము, నాలుగు దినములలో పోవును. ఎక్కువ మందికి నిజముగానే పోవును. కాని కొందరిలో గొంతు విడిచిన ఆ జబ్బు గుండెను పట్టుకొనును. పట్టుకొన్న తరువాత విడువదు. ఆ కొందరిలో ఒకడు మన సంఘములోనే ఉన్నాడు. అతని అనుమతితోనే అతని కథ చెప్పుచున్నాము. పేరు మాత్రము చెప్పము.

అప్పటికి అతనికి 19 ఏండ్లు. ఇంటర్మీడియెట్ ముగించుకొని పని వెదకుకొనుచున్నాడు. తల్లిదండ్రులు కూలి చేసుకొని బ్రతుకువారు. పత్తి తీయు దినములలో అతనికి జ్వరము వచ్చి గొంతు వాచినది. మెతుకు మ్రింగలేక పోయినాడు. ఊరిలోని ఆర్.ఎం.పి. డాక్టరుగారు గోలీలు ఇచ్చినారు. మూడు దినములు వేసుకొని, తగ్గినదని మిగిలినవి గూటిలో పెట్టినాడు. రెండు వారములు ఏ బాధయు లేదు. ఆ తరువాత ఒక ఉదయమున తల్లి మా గుమ్మములో నిలిచినది.

"అయ్యగారూ, పిలగానికి మొన్న మోకాలు వాసింది. ఇయ్యాల మోకాలు తగ్గి చీలమండ వాసింది. ఇదేం రోగమో ఏమో. జర ప్రార్థన చెయ్యుండ్రి" అన్నది.

మేము వెళ్ళి ప్రార్థించినాము. అది మా పని, అందులో తప్పు లేదు. మరి రెండు దినములకు నొప్పులు మోచేతికి ప్రాకినవి. నొప్పి గోలీలు వేయగానే తగ్గినవి. తగ్గినవి గదా అని అందరము సంతోషించినాము. వారము గడచిన తరువాత అతనికి ఆయాసము మొదలైనది. నాలుగు అడుగులు నడిచినచో దమ్ము వచ్చుచున్నది. రాత్రి పండుకొనలేక గోడకు ఆనుకొని కూర్చుండుచున్నాడు. తల్లి మరల వచ్చి, "దవఖానకు తీస్కపోవాల్నా అయ్యగారూ?" అని అడిగినది. ఆ దినము శుక్రవారము, ఉపవాస ప్రార్థన దినము. మేము ఏమి చెప్పినామో మాకు బాగుగా జ్ఞాపకమున్నది. "ఆదివారము ఆరాధన కానీయమ్మా, తరువాత చూద్దాము" అన్నాము.

శనివారము రాత్రి అతని పెదవులు నల్లబడినవి. 108 బండి పిలిచి సూర్యాపేటకు, అక్కడ నుండి హైదరాబాదుకు తీసికొని పోయినాము. బండిలో అతని చేయి పట్టుకొని కూర్చున్నాము గాని ప్రార్థనకు మాట రాలేదు.

అక్కడి డాక్టరమ్మగారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలసేపు విన్నారు. తరువాత తల్లి వైపు తిరిగి, "ఈ మధ్య గొంతు నొప్పి వచ్చిందా?" అని అడిగినారు. మేము ఆశ్చర్యపోయినాము. గుండెకు గొంతుతో ఏమి పని? "చిన్నప్పుడు ఎప్పుడైనా ఇట్లనే కీళ్ళు వాచినాయా?" అని మరల అడిగినారు. తల్లి ఆలోచించి, ఏడవ తరగతిలో హాస్టలులో ఉన్నప్పుడు ఒకసారి వాచినవనియు, ఎదుగు పిల్లలకు అట్లు నొచ్చుట మామూలే అనుకొన్నామనియు చెప్పినది. ఎకో పరీక్ష చేసి చూడగా గుండె ఎడమ ప్రక్కనున్న కవాటము సరిగా మూసికొనక రక్తము వెనుకకు కారుచున్నదని తేలినది.

ఈ జబ్బును డాక్టర్లు రుమాటిక్ జ్వరము అందురు. మన భాషలో కీళ్ళవాత జ్వరము అని పేరు. ఆ పేరే మనలను మోసగించుచున్నది. కీళ్ళవాతమన్నంతనే ముసలివారి జబ్బని తోచును. ఇదియో, 5 నుండి 15 ఏండ్ల పిల్లలకు ఎక్కువగా వచ్చు జబ్బు. యవనస్థులకును వచ్చును. చిన్ననాడు ఒకసారి వచ్చినవారికి మరల మరల వచ్చును. పెద్ద కీళ్ళు ఒకదాని వెంట ఒకటి వాచి, కొన్ని వారములలో ఏ గుర్తు మిగల్చకుండ బాగుపడును. గుండె మాత్రము అట్లు బాగుపడదు. ఈ జబ్బు కీళ్ళ దగ్గర అతిథివలె దిగి, గుండె దగ్గర కాపురము పెట్టునని చెప్పవచ్చును.

ఇది ఎట్లు జరుగుచున్నదో కొంచెము వినుడి. గొంతు నొప్పులలో ఎక్కువ భాగము వైరసుల వలన వచ్చునవే. అవి వాటంతట అవే పోవును. కొన్ని మాత్రము స్ట్రెప్టోకాకస్ అను సూక్ష్మజీవి వలన వచ్చును. పూసల దండవలె వరుసగా నుండు జీవి అది. అమెరికాలో రెబెక్కా లాన్స్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞురాలు ఈ జాతి జీవులను 1933లో గుంపులుగా విభజించి చూపినది. మనలను బాధించునది అందులో "ఏ" గుంపు. ఈ జీవి పై పొరలోని మాంసకృత్తుకును మన గుండె కండరములోని మాంసకృత్తుకును పోలిక ఉన్నది. శరీరము శత్రువును గుర్తించి ఆయుధములు తయారు చేయును. ఆ ఆయుధములు శత్రువు చచ్చిన తరువాతకూడ పోలికను బట్టి పొరబడి సొంత గుండెనే పొడుచును. ఇంటి కుక్క దొంగను తరిమి, ఆ వేడిలో ఇంటివానినే కరచినట్లు. అందుచేతనే గొంతు తగ్గిన రెండు మూడు వారములకు ఈ జబ్బు బయటపడును. ఆ రెండు మూడు వారముల ఎడమే మనలను గ్రుడ్డివారిని చేయుచున్నది. నేటి ఆయాసమునకు మొన్నటి గొంతు కారణమని ఎవరికి తోచును?

గొంతు నుండి గుండెకు పోవు దారి ఇది ఒక్కటే కాదు. మరి రెండు కలవు. యవనస్థులు వీటిని జ్ఞాపకముంచుకొనవలెను.

మొదటిది, గొంతు నొప్పి ఇంకను ఉండగానే, మూడు నాలుగు దినములలో గుండె కండరము వాచుట. ఇది వైరసు వలనను రావచ్చును, ఒక్కొక్కసారి పైని చెప్పిన సూక్ష్మజీవి వలనను రావచ్చును. ఇరువది ముప్పది ఏండ్ల యువకులలో, ముఖ్యముగా పురుషులలో, కనిపించును. ఛాతీలో నొప్పి, దడ, ఆయాసము. ఇ.సి.జి. తీసినచో అచ్చముగా గుండెపోటువలె నుండును. రక్తనాళములను పరీక్షించి చూడగా అవి తెరచియే యుండును. సరియైన విశ్రాంతి తీసికొన్నవారిలో పెక్కుమంది కోలుకొందురు. కాని వాపు తగ్గకముందే బరువులు మోయుట, పరుగులు, ఆటలు ప్రాణాపాయము. మూడు నుండి ఆరు నెలలు కఠినమైన శ్రమ కూడదని డాక్టర్లు చెప్పుదురు. "మొన్న గొంతు నొప్పి వచ్చింది" అను మాటను ఆసుపత్రిలో తప్పక చెప్పుడి. అడుగువరకు ఆగకుడి.

రెండవది కంఠసర్పి. పెద్దలకు ఈ పేరు తెలియును. డిఫ్తీరియా అనునది ఇదే. గొంతులో బూడిద రంగు పొర ఏర్పడును. ఆ జీవి విడుచు విషము రక్తములో కలిసి ఒకటి రెండు వారములలో గుండెను దెబ్బ తీయును. ఇది పూర్వకాలపు జబ్బు, ఇప్పుడెక్కడిది అనుకొనకుడి. హైదరాబాదు నల్లకుంటలోని జ్వరాసుపత్రి డాక్టర్లు ఈ శతాబ్దములో కూడ దీనిని చూచుచునే యున్నారు. దీనికి టీకా కలదు. పసితనములో వేసిన టీకా బలము పెద్దగుచున్నకొలది తగ్గును. అందుచేత 10 ఏండ్లకును 16 ఏండ్లకును టి.డి. టీకా మరల వేయుదురు. మీలో వేయించుకొననివారు విచారించుకొనుడి.

మరల కీళ్ళవాత జ్వరమునకు వత్తము. మన ప్రాంతములో దీనిని పోల్చుకొనుట మరింత కష్టము. ఏలయనగా మనకు కీళ్ళ నొప్పి క్రొత్త కాదు. తుంగతుర్తి 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లాలో చేరినది గాని, అంతకు ముందు మనది నల్లగొండ జిల్లా. నల్లగొండ అనగానే ఫ్లోరైడు నీళ్ళు, వంగిన నడుములు, బిగిసిన కీళ్ళు లోకమునకు జ్ఞాపకము వచ్చును. ఆ తరువాత 2006లో చికున్‌గున్యా వచ్చి ఊళ్ళకు ఊళ్ళే కీళ్ళు పట్టుకొని మంచాన పడినవి. కావున పిల్లవానికి మోకాలు వాచినదనగానే "నీళ్ళ దోషము" అందుము, లేదా "దోమ జ్వరము" అందుము. ఫ్లోరైడు బాధ ఏండ్ల తరబడి మెల్లగా పెరుగును, ఒక వారములో వచ్చి పోదు. చికున్‌గున్యా నొప్పి వ్రేళ్ళు, మణికట్లు, చీలమండలు అన్నిటిని ఒక్కసారే పట్టును, వదలుటకు వారములు, నెలలు పట్టును. కీళ్ళవాత జ్వరపు నొప్పి ఒక కీలు విడిచి మరియొక కీలుకు దుముకును. ఇది సామాన్యముగా కనిపించు తేడా. నిర్ణయము చేయవలసినది డాక్టరే.

మరియొక సంగతి. ఈ నొప్పి ఆస్పిరిన్ వంటి నొప్పి గోలీలకు ఆశ్చర్యముగా లొంగును. ఒకటి రెండు దినములలో పిల్లవాడు లేచి తిరుగును. అదే మనకు ఉరి. నొప్పి పోయినది గాని లోపల మంట ఆరలేదు. గంట కొట్టువాని చేయి పట్టుకొన్నంత మాత్రమున మంటలు ఆరిపోవునా?

ఇక మందు సంగతి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందని మనకొక సామెత ఉన్నది. ఈ జబ్బు విషయములో ఆ సామెతను తలక్రిందులు చేయవలెను. గొంతుకు మందు వేయకపోతే ఉన్న గుండె ఊడును. మందు ఏదో గొప్ప వింత మందు కాదు, పెన్సిలిన్. దానిని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో కనుగొన్నాడు. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రములో ఒక వైమానిక శిబిరమున్నది. అక్కడి పడక గదులలో యువ సైనికులు క్రిక్కిరిసి నివసించుచు గొంతు జబ్బులతో బాధపడుచుండిరి. చికిత్స లేనప్పుడు అట్టి శిబిరములలో నూటికి ముగ్గురికి కీళ్ళవాత జ్వరము వచ్చుచుండెను. గొంతు జబ్బుకు పెన్సిలిన్ ఇచ్చినచో ఆ జ్వరము చాలమట్టుకు రాకుండ పోవునని అక్కడి వైద్యులు 1950లో నిరూపించినారు. నొప్పి మొదలైన 9 దినముల లోపల మందు మొదలుపెట్టినను గుండెను కాపాడవచ్చునని తరువాత తేలినది. తొమ్మిది దినములు! దేవుడు మనకు ఎంత గడువు ఇచ్చినాడో చూడుడి.

అయితే మందు పూర్తిగా వాడవలెను. గోలీలైతే 10 దినములు. మూడవ దినమున జ్వరము తగ్గినదని మానివేయరాదు. అట్లు గోలీలు మ్రింగలేనివారికి ఒకే ఒక సూది మందు కలదు, బెంజథిన్ పెన్సిలిన్. మరి ప్రతి గొంతు నొప్పికిని ఈ మందు వాడవలెనా? వద్దు. ముక్కు కారుచు, దగ్గు, బొంగురు ఉన్నచో అది ఎక్కువగా వైరసు పని. అకస్మాత్తుగా జ్వరము, మ్రింగ శక్యము కాని నొప్పి, వాచిన టాన్సిల్స్ మీద తెల్లని మచ్చలు, దవడ క్రింద తాకిన నొచ్చు గడ్డలు, దగ్గు లేకపోవుట, ఇవి ఉన్నచో డాక్టరుకు చూపించుడి. దుకాణములో అడిగి కొనుక్కొనకుడి.

ఒకసారి కీళ్ళవాత జ్వరము వచ్చినవారి సంగతి వేరు. వారికి మరల గొంతు జబ్బు వచ్చిన ప్రతిసారి గుండెకు మరియొక దెబ్బ తగలవచ్చును. కావున వారు ప్రతి 21 దినములకు ఒక బెంజథిన్ పెన్సిలిన్ సూది వేయించుకొనుచుండవలెను. పెద్దవారికి 12 లక్షల యూనిట్లు. ఎంతకాలము? గుండెకు సోకనివారికి 5 ఏండ్లు, లేదా 18 ఏండ్ల వయస్సు వచ్చువరకు, ఏది ఎక్కువైతే అది. గుండెకు కొద్దిగా సోకినవారికి 10 ఏండ్లు, లేదా 25 ఏండ్ల వయస్సు వచ్చువరకు. కవాటము చెడినవారికి 40 ఏండ్ల వయస్సు వరకు, లేదా జీవితాంతము. ఆపరేషను అయినను సూది ఆపరాదు. ఏది ఎవరికో డాక్టరు నిర్ణయించును, మనము కాదు.

మన యువకుని కథలో రెండవ భాగము ఇక్కడ వచ్చుచున్నది. అతడు ఆసుపత్రి నుండి తిరిగి వచ్చి పధ్నాలుగు నెలలు తప్పకుండ సూది వేయించుకొన్నాడు. బాగున్నాడు. సైకిలు త్రొక్కుచున్నాడు. తరువాత హైదరాబాదులో పని దొరికినది. ఒక గదిలో ఎనిమిది మంది. క్రొత్త చోట సూది వేయుమని అడుగగా, పెన్సిలిన్ పడక ఎవరో చనిపోయినారని విన్నామని చెప్పి ఇద్దరు వేయలేదు. అతడును బాగుగానే యుండుట చేత పట్టించుకొనలేదు. నాలుగు సూదులు తప్పినవి. మరల గొంతు నొప్పి, మరల ఆయాసము. ఈ సారి కవాటము బాగుచేయుటకు వీలులేనంతగా పాడైనది. దానిని తీసి లోహపు కవాటము అమర్చినారు. ఖర్చు ఆరోగ్యశ్రీ క్రింద జరిగినది. లేనియెడల ఆ తల్లిదండ్రులు ఏమి అమ్మగలరు?

ఆ నాలుగు సూదులు ఎవరు తప్పించినారు? అతడా? క్లినిక్కుల వారా? మేము ప్రతి ఆదివారము సంఘములో హాజరు చూచువారము. కూడికకు రానివారి యింటికి పోయి కారణము అడుగువారము. ఆ బిడ్డ సూదికి పోయినాడా లేదా అని ఆ దినములలో ఒక్కసారియు ఫోను చేయలేదు. వేదాంత కళాశాలలో మాకు గ్రీకు నేర్పినారు, ప్రసంగము నేర్పినారు, సంఘ చరిత్ర నేర్పినారు. ఇది నేర్పలేదని తప్పించుకొనవచ్చును. కాని సువార్త వ్రాసిన లూకా వైద్యుడని పౌలే చెప్పియున్నాడు. అదే పౌలు తిమోతి కడుపు నొప్పికి కూడ సలహా వ్రాసినాడు. కాగా మాకు సాకు లేదు.

పెన్సిలిన్ భయమును గూర్చి ఒక మాట. భయము పూర్తిగా ఆధారము లేనిది కాదు. అరుదుగా కొందరికి అది పడదు. అందుకే సిద్ధముగా మందులున్న చోట, అడిగి, పరీక్షించి వేయుదురు. వేసిన తరువాత కొంతసేపు కూర్చుండబెట్టుదురు. అయితే సూది తరువాత జరిగిన మరణములలో కొన్ని మందు పడకపోవుట వలన కాక, అప్పటికే బాగుగా చెడిన గుండె ఆ నొప్పికి, భయమునకు తట్టుకొనలేక జరిగినవై యుండవచ్చునని 2022లో అమెరికా హృద్రోగ సంఘము వారు తెలిపినారు. కవాటము తీవ్రముగా చెడినవారికి సూదికి బదులు పెన్సిలిన్ గోలీలు ఆలోచింపుమని వారి సలహా. కావున సూదికి పోవునప్పుడు కడుపు నిండ తిని, నీళ్ళు త్రాగి పొండు, పండుకొని వేయించుకొనుడి. మీ గుండె ఎట్లున్నదో ముందుగా చెప్పుడి. భయపడి మానివేయుట మాత్రము మందు కాదు.

తల్లులారా, అక్కలారా, మీతో ఒక మాట. ఈ జబ్బు వలన కవాటము కొన్నాళ్ళకు బిగిసి ఇరుకు అగును. ఇతర దేశములలో అట్లగుటకు ఇరువది ముప్పది ఏండ్లు పట్టును. మన దేశములో ఇరువది ఏండ్లు నిండకముందే అట్లగుచున్నదని ఢిల్లీ వైద్యులు 1963లోనే వ్రాసినారు. అట్టి కవాటము గల ఆడపిల్ల మామూలు పనులు చేసికొనుచు తెలియకుండనే యుండును. పెండ్లి అగును, గర్భము నిలుచును. గర్భిణిలో రక్తము దాదాపు సగమంత పెరుగును. ఇరుకు వాకిటి గుండ ఆ రక్తమంతయు పోలేక ఊపిరితిత్తులలో నిలుచును. ఆరవ ఏడవ నెలలో ఆయాసము వచ్చును. అత్తగారు "కడుపుతో ఉన్నవాళ్ళకు ఎగపోత ఉంటది బిడ్డా" అనును. అందరికి కొంత ఉండును, నిజమే. కాని పండుకొనలేనంత ఆయాసము, దగ్గులో రక్తపు జీర, గుండె దడ మామూలు కాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను.

మరి పెండ్లి సంబంధము చెడునని ఈ జబ్బును దాచు తల్లిదండ్రులు ఉన్నారు. వారి బాధ మాకు తెలియును. కాని దాచిన జబ్బుకు మందు వేయలేరు. అత్తవారింట దాచినచో 21 దినముల సూది ఆగును. జబ్బు తెలిసి, ముందుగా డాక్టరును అడిగి, కవాటమును బాగుచేయించుకొని, సుఖముగా తల్లులైనవారు ఎందరో ఉన్నారు. ఇరుకైన కవాటమును ఛాతీ కోయకుండ, రక్తనాళము గుండ చిన్న బుడగను పంపి తెరచు పద్ధతిని జపాను వైద్యుడు ఇనోవే 1984లో ప్రకటించినాడు. అది నేడు మన హైదరాబాదు ఆసుపత్రులలో కూడ చేయుచున్నారు. పెండ్లి మాటలలో కట్నము దాచరు, బంగారము దాచరు. ఆడపిల్ల ప్రాణమును గూర్చిన మాటను మాత్రము ఎందుకు దాచవలెను?

ఈ జబ్బు ఎవరికి వచ్చుచున్నది? ఒకే గదిలో పదిమంది పండుకొనువారికి. హాస్టళ్ళలో ప్రక్క ప్రక్కన చాపలు పరచుకొను పిల్లలకు. గొంతులోని జీవి దగ్గు తుంపరల ద్వారా ప్రక్కవానికి పోవును గదా. ఐరోపాలోను అమెరికాలోను ఒకప్పుడు ఇది విస్తారముగా నుండెను. పెన్సిలిన్ రాకముందే అక్కడ తగ్గుట మొదలైనది. ఇండ్లు విశాలమైనవి, గాలి వెలుతురు వచ్చినవి, తిండి మెరుగైనది. పెన్సిలిన్ వచ్చి మిగిలిన పని చేసినది. నేడు ప్రపంచములో 4 కోట్ల మందికి పైగా ఈ గుండె జబ్బుతో జీవించుచున్నారు. ఏటా సుమారు 3 లక్షల మంది చనిపోవుచున్నారు. ఎక్కువమంది బీద దేశములవారే. 2018 మే నెలలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఈ జబ్బును గూర్చి ప్రత్యేకముగా తీర్మానము చేసినది. ధనవంతులకు రాని జబ్బు ధనవంతులకు జ్ఞాపకము రాదు. బీదలను మరువని సంఘము దీనిని జ్ఞాపకముంచుకొనవలెను.

నిరాశ పడనక్కరలేదు. ఉగాండా దేశపు ఉత్తర ప్రాంతములో, మనకన్న బీద ప్రజల మధ్య, పిల్లలకు ఎకో పరీక్ష చేసి, ఇంకను బాధలేమియు లేని తొలి దశలోనే జబ్బును పట్టుకొని, కొందరికి సూదులు వేసి కొందరిని గమనించుచు చూచినారు. 2021లో ఫలితము వెల్లడియైనది. రెండేండ్లలో సూది వేయించుకొననివారిలో నూటికి 8 మందికి జబ్బు ముదిరినది. వేయించుకొన్నవారిలో నూటికి ఒక్కరికంటె తక్కువ. అదే మందు మన ఊరిలోను దొరకును.

ఇక మనము చేయవలసినదేమి? పెద్ద ఆసుపత్రి కట్టుమని మేము చెప్పుటలేదు. పూర్వికులు కట్టిరి, వారికి వందనములు. సూర్యాపేటలో 2019 నుండి ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. బడి పిల్లలను పరీక్షించుటకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము 2013 నుండి ఉన్నది. వారు చూడవలసిన జబ్బులలో ఇదియు ఒకటి. వారు బడికి వచ్చిన దినమున మీ పిల్లలను పొలమునకు పంపకుడి. శస్త్రచికిత్సకు ఆరోగ్యశ్రీ ఉన్నది. లేనిదల్లా ఆ మూడు వారములకొకసారి చేయి పట్టుకొని తీసికొనిపోవు మనిషి.

కావున మా సంఘములో ఒక చిన్న పని మొదలుపెట్టినాము. బాప్తిస్మపు రిజిస్టరు ప్రక్కనే ఒక నోటు పుస్తకము పెట్టినాము. సూది వేయించుకొనవలసినవారి పేరు, తేదీ, మరుసటి తేదీ అందులో ఉండును. వారు మన సంఘమువారే కానక్కరలేదు. గుండెకు మతము లేదు గదా. తేదీకి రెండు దినముల ముందు ఫోను పోవును. ఊరు విడిచి పోవువారికి డాక్టరు చీటీ నకలు ఇచ్చి, చేరిన చోట ఎక్కడ వేయించుకొనవలెనో ముందే విచారించి పంపుచున్నాము. స్త్రీల మైత్రివారు ఒకరికి తోడు ఒకరు పోవుచున్నారు. దీనికి చందా లేదు, కమిటీ లేదు, ప్రారంభోత్సవము లేదు.

ప్రార్థనను గూర్చి అడుగుదురు. మేము ప్రార్థన మానలేదు. శుక్రవారపు ఉపవాస కూడిక నేటికిని జరుగుచున్నది. ఒక్కటే మారినది. ఆయాసముతోనో, కీళ్ళ వాపుతోనో ఎవరైన ప్రార్థనకు వచ్చినచో, ముందు బండి పిలుతుము. బండి వచ్చువరకు ప్రార్థింతుము. బండి ఎక్కించి, ప్రక్కన కూర్చుండి, మిగిలిన ప్రార్థన దారిలో చేయుదుము. దేవుడు ఆసుపత్రి గుమ్మము దగ్గర ఆగిపోవువాడు కాడు.

ఆ యువకుడు ఇప్పుడు మన మధ్యనే ఉన్నాడు. రక్తము గడ్డకట్టకుండ దినదినము గోలీ వేసికొనును, నెల నెల రక్తపరీక్ష చేయించుకొనును. సూది ఇంకను ఆపలేదు. బరువు పనులు చేయలేడు. ఊరిలో చిన్న సెల్‌ఫోను రిపేరు దుకాణము పెట్టుకొన్నాడు. గుడిలో మౌన ప్రార్థన సమయమున అందరును నిశ్శబ్దముగా నున్నప్పుడు, అతని ప్రక్కన కూర్చున్నవారికి ఆ లోహపు కవాటము గడియారమువలె టిక్కు టిక్కుమని కొట్టుకొనుట వినిపించును. పిల్లలు ఆ శబ్దము విని నవ్వుదురు. అతడును నవ్వును. మేము మాత్రము ప్రసంగ పీఠము మీద నిలువబడి, ఆ శుక్రవారము మేమాడిన మాటను జ్ఞాపకము చేసికొందుము.

మేము చెప్పిన ఆ నోటు పుస్తకమును వ్రాయుచున్నది అతడే. ఈ కూడిక ముగిసిన తరువాత అతడు తలుపు దగ్గర నిలుచును. మీ ఇంటిలో గాని, మీ వాడలో గాని, చిన్ననాడు కీళ్ళు వాచినవారు, ఇప్పుడు ఎగపోతతో బాధపడువారు ఉన్నచో అతనితో చెప్పి పొండు. సిగ్గుపడకుడి, ఆదివారము వరకు ఆగకుడి.

ప్రభువు మిమ్మును మీ పిల్లలను కాపాడును గాక.